అమెచ్యూర్ : ఒక మాట, దాని వర్గ చరిత్ర

మన విమర్శలో ఒక మాట చాలా తేలిగ్గా దొర్లిపోతూ ఉంటుంది. కొత్తగా రాస్తున్న ఒక కార్మికుడి కథ మనకు నచ్చకపోతే 'అమెచ్యూర్‌గా ఉంది' అంటాం. నాటక పోటీల్లో ఒక సమాజాన్ని మెచ్చుకోవాలంటే 'అమెచ్యూర్లే అయినా ప్రొఫెషనల్‌గా చేశారు' అంటాం. డబ్బు తీసుకుని రాసే సినిమా రచయితను తక్కువ చెయ్యాలనుకున్నప్పుడు మాత్రం అదే నోటితో 'ఆయన ప్రొఫెషనల్ లెండి, కళతో ఆయనకేం పని' అని చప్పరిస్తాం. జత మాటలు అవే. ఒకసారి మొదటిది తిట్టు, రెండోది మెప్పు. మరోసారి రెండూ తలకిందులు. ఒక మాట ఇలా అటూ ఇటూ కూడా కోస్తున్నదంటే, దాని వెనక ఇంకా తెగని తగాదా ఏదో ఉన్నదన్నమాట. ఆ తగాదా ఎవరెవరి మధ్య నడిచిందో, తెలుగు రచయితలకు అందులో ఏం పని ఉన్నదో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. ప్రేమ, ప్రమాణం

మాట పుట్టుకలో తగాదా ఏమీ లేదు. లాటిన్‌లో 'అమారే' అంటే ప్రేమించడం, 'అమాతోర్' అంటే ప్రేమించేవాడు. దాన్నుంచి ఫ్రెంచి 'అమతర్' వచ్చింది, ఫ్రెంచి నుంచి ఇంగ్లీషు 'అమెచ్యూర్' వచ్చింది. ఫలానాదంటే ఇష్టం ఉన్నవాడు, అంతే. ఆ ఇష్టంతో డబ్బు వస్తుందా రాదా, ఇష్టపడ్డవాడికి పని వచ్చా రాదా అన్న ప్రశ్నలు ఆ మాటలో లేవు. ద్రాక్షసారాయి ఇష్టపడేవాణ్ణి ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ దాని అమతర్ అనే అంటారు.

ఎదుటి మాట 'ప్రొఫెషనల్' సంగతీ అంతే. లాటిన్ మూలంలో దాని అర్థం నలుగురి ముందు ప్రకటించడం. క్రైస్తవ మఠంలో చేరేవాడు దీక్ష పుచ్చుకుంటూ చేసే ప్రమాణానికి 'ప్రొఫెషన్' అని పేరు. అంటే ఒకడు ప్రేమించినవాడు, ఇంకొకడు మాట ఇచ్చినవాడు. ప్రేమించినవాడే మాట ఇవ్వడంలో వైరుధ్యం ఏముంది? ఈ రెండు మాటల్లోనూ కూలి లేదు, జీతం లేదు. మరి వీటి మధ్య డబ్బు ఎప్పుడు చేరింది? ఎవరు చేర్చారు? మాట చరిత్రలో అసలు ప్రశ్న ఇదే.

2. తీర్పు చెప్పే హక్కు

జవాబు కోసం మొదట 18వ శతాబ్దపు పారిస్‌కు వెళ్ళాలి. 1648లో అక్కడ చిత్రకారులకు, శిల్పులకు రాజాశ్రయంలో ఒక అకాడమీ ఏర్పడింది. అంతవరకూ చిత్రకారుడు వృత్తి సంఘంలో ఒక పనివాడు. తమది చేతిపని కాదనీ, బుద్ధికి సంబంధించిన విద్య అనీ నిరూపించుకోవాలన్నది అకాడమీ చిత్రకారుల ఆరాటం. అకాడమీ సభ్యుడు దుకాణం తెరుచుకుని బొమ్మలు అమ్మకూడదన్న నిబంధన అందుకే వచ్చింది. శ్రమకు పట్టిన మైల కడుక్కోకుండా కళాకారుడికి గౌరవం దక్కదన్న నమ్మకం ఇక్కడే కనబడుతుంది.

ఆ అకాడమీలోకి బొమ్మలు గీసి బతికేవాళ్ళతోపాటు, బొమ్మలు సేకరించే ప్రభువులు కూడా గౌరవ సభ్యులుగా చేరారు. వీళ్ళే అమతర్లు. వాళ్ళలో ముఖ్యుడు కెలూస్ ప్రభువు. ఆయన 1731లో సభ్యుడయ్యాడు. 1748లో 'అమతర్' అన్న విషయం మీదే అకాడమీలో ప్రసంగం చేశాడు. కళను ప్రేమించేవాడు ఎలా ఉండాలి, చిత్రకారుడికి ఎలా సలహా చెప్పాలి, అందుకు తానూ కాస్త గీయడం ఎందుకు నేర్చుకోవాలి అన్నవి ఆ ప్రసంగంలోని సంగతులు. ఇదంతా మర్యాదగానే ఉంది. కాని తారీఖు గమనించండి. అంతకు ఒక్క ఏడాది ముందు, 1747లో, లా ఫాన్ ద సెంత్ యెన్ అనే అతను చిన్న పుస్తకం ఒకటి అచ్చు వేశాడు. లూవ్ర్ భవనంలో జరిగిన చిత్రప్రదర్శనను అందులో విమర్శించాడు. బొమ్మల మీద అభిప్రాయం చెప్పే హక్కు చూసే జనానికి ఉందన్నాడు. రాజుగారి చిత్రాలను జనం చూసేలా లూవ్ర్‌లో పెట్టాలన్నాడు. అతను అకాడమీ సభ్యుడు కాడు, ప్రభువూ కాడు. చిత్రకారులు, వాళ్ళను పోషించే ప్రభువులు అతని మీద మండిపడ్డారు.

నా దృష్టిలో ఇది విమర్శ చరిత్రలో పెద్ద ఘట్టం. ఆధునిక కళావిమర్శ పుట్టిన సమయంలోనే, దాన్ని అడ్డుకోవడానికి 'ప్రేమించేవాడు' అన్న బిరుదు ముందుకొచ్చింది. తీర్పు చెప్పాలంటే ప్రేమ ఉండాలి. ప్రేమ ఉండాలంటే తీరిక ఉండాలి. తీరిక ఉండాలంటే భూములు ఉండాలి. మాట ప్రేమ గురించి మాట్లాడుతున్నది, లెక్క మాత్రం ఆస్తి చుట్టూ తిరుగుతున్నది.

1780ల ప్రాంతంలో ఈ మాట ఇంగ్లీషులోకి అడుగుపెట్టినప్పుడు ఈ లక్షణాన్ని వెంటబెట్టుకునే వచ్చింది. లండనులో అంతకుముందే, 1730లలో, ఇటలీ యాత్ర చేసి వచ్చిన ప్రభువులు 'డిలెటాంటి' సంఘం పెట్టుకున్నారు. ఆ మాట ఇటాలియన్‌లో ఆనందించేవాడని అర్థమిచ్చే మాటే. ఆనందించడం పెద్దవాళ్ళ పని. ఆనందపెట్టడం కూలివాళ్ళ పని. 19వ శతాబ్దం మొదట్లో లండను ముష్టియుద్ధాల రంగంలో అమెచ్యూర్ అంటే పోట్లాడేవాడు కాడు, పందెం కాసి చూసే పెద్దమనిషి. దెబ్బలు తినేది కసాయి కొట్టువాడో, బొగ్గు మోసేవాడో. ప్రేమించేది మాత్రం దొరగారు.

3. థేమ్స్ నది మీద ఒక నిబంధన

ఆ దొరగారికి తానే బరిలోకి దిగాలన్న కోరిక పుట్టడంతో చిక్కు వచ్చింది. 19వ శతాబ్దం నడుమ ఇంగ్లండులో ఆటలు సంఘాలుగా, పోటీలుగా స్థిరపడ్డాయి. పడవ పందేల్లో విశ్వవిద్యాలయ విద్యార్థి ఒక పడవలో, థేమ్స్ మీద రోజూ పడవ నడిపి బతికేవాడు ఇంకో పడవలో కూచుంటే ఎవరు గెలుస్తారో చెప్పనక్కరలేదు. ఓడిపోవడం ఒక్కటే బాధ కాదు. పనివాడి చేతిలో ఓడిపోవడం ఆ వర్గానికి మింగుడుపడని విషయం.

దానికి వాళ్ళు కనిపెట్టిన మందు ఒక నిర్వచనం. 1839 నుంచి జరుగుతున్న హెన్లీ పడవ పందేల నిర్వాహకులు 1879లో అమెచ్యూర్ అంటే ఎవరో రాసి పెట్టారు. డబ్బు కోసం పందెం ఆడినవాడు అమెచ్యూర్ కాడు. ఆటలు నేర్పి బతికినవాడు కాడు. పడవల దగ్గర కూలికి పనిచేసినవాడు కాడు. ఇంతవరకూ ఆటకు సంబంధించిన మాటే అని ఎవరైనా సమర్థించవచ్చు. చివరి భాగం చూడండి. ఏ పనిలోనైనా సరే, కూలికి పనిచేసే మెకానిక్కు, చేతివృత్తివాడు, శ్రామికుడు అమెచ్యూర్ కాడు! వడ్రంగి ఒక్క పైసా తీసుకోకుండా, కేవలం ఇష్టంతో, ఆదివారం పూట తెడ్డు వేసినా సరే, అతనిది ప్రేమ కాదు. ఎందుకంటే సోమవారం అతను ఉలి పట్టుకుంటాడు. 1882లో ఏర్పడిన అమెచ్యూర్ రోయింగ్ అసోసియేషన్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఊడిగం చేసేవాళ్ళను కూడా ఈ జాబితాలో చేర్చింది. ప్రేమించేవాడు అన్న మాటకు, శరీరశ్రమ చెయ్యనివాడు అన్న అర్థాన్ని అచ్చులో ఖాయం చేశారు.

ఈ నిబంధన మీద తిరగబడ్డవాళ్ళలో ఫ్రెడరిక్ ఫర్నివాల్‌ను మనవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. ఆయన పాత ఇంగ్లీషు గ్రంథాల పరిష్కర్త, 1854లో మొదలైన శ్రామికుల కళాశాలలో అధ్యాపకుడు, తెడ్డు వెయ్యడమంటే పిచ్చి ఉన్నవాడు. తన శ్రామిక విద్యార్థులతో కలిసి పడవ నడిపేవాడు. వాళ్ళు అమెచ్యూర్లు కారన్న తీర్పును ఒప్పుకోక, 1890లో ఇంకొందరితో కలిసి నేషనల్ అమెచ్యూర్ రోయింగ్ అసోసియేషన్ అనే పోటీ సంఘాన్ని నిలబెట్టాడు. అందులో కూలివాడు కూడా అమెచ్యూరే.

ఈ ఫర్నివాలే 1861 నుంచి చాలా ఏళ్ళు, తరవాత ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుగా పేరుపడిన మహాకోశానికి సంపాదకుడు. 1879లో, అంటే హెన్లీ నిబంధన వచ్చిన ఏడాదే, ఆ బాధ్యత జేమ్స్ మరే అనే బడిపంతులు భుజానికెత్తుకున్నాడు. మరే 14 ఏళ్ళకే చదువు ఆపేసినవాడు, సొంతంగా భాషలు నేర్చుకున్నవాడు. ఆ కోశానికి మాటల వాడుకలను చీటీల మీద రాసి పంపిన వందలాదిమంది పైసా తీసుకోనివాళ్ళే. 1884లో వెలువడిన మొదటి భాగం 'ఎ' అక్షరంతో మొదలై 'ఆంట్' దాకా వచ్చింది. 'అమెచ్యూర్' అందులోనే ఉంది. థేమ్స్ ఒడ్డున కొందరు ఆ మాట చుట్టూ కంచె కడుతున్న రోజుల్లోనే, జీతం లేకుండా చదివి చీటీలు పంపినవాళ్ళు, ఒక బడిపంతులు కలిసి దాని చరిత్రను భద్రపరచారు. బడిపంతులుగా నాకిది గర్వకారణమని చెప్పడానికి సిగ్గుపడను.

కంచె ఆ తరవాత కూడా చాలాకాలం నిలిచింది. 1920లో అమెరికన్ జాన్ కెల్లీ హెన్లీలో పోటీకి పేరు పంపితే తిప్పికొట్టారు. అతని క్లబ్బు మీద పాత నిషేధం ఒకటి ఉంది. అది చాలదన్నట్టు అతను తాపీపని చేసినవాడు. అదే ఏడాది ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో కెల్లీ బంగారు పతకం గెలిచాడు. అతని చేతిలో ఓడినవాడు ఆ ఏడాది హెన్లీ విజేత. 1936లో ఆస్ట్రేలియా పోలీసుల జట్టును కూడా, పోలీసు పని శరీరశ్రమే అన్న లెక్కతో, హెన్లీలోకి రానివ్వలేదు. మరుసటి ఏడాది, 1937లో, శ్రామికుల నిషేధం ఎత్తేశారు.

4. దొరలు, ఆటగాళ్ళు

క్రికెట్‌లో నిషేధం లేదు గాని వరుస ఉంది. 1806 నుంచి 1962 దాకా 'జెంటిల్మన్'కూ 'ప్లేయర్ల'కూ మధ్య పోటీలు జరిగాయి. దొరలకు ఒక గేటు, కూలి ఆటగాళ్ళకు ఇంకో గేటు. స్కోరు కాగితం మీద దొరకు పేరు ముందు పొడి అక్షరాలు, కూలి ఆటగాడికి పేరు వెనక. 1950లో లార్డ్స్ మైదానంలో టిట్మస్ అనే కుర్రవాడికి పొడి అక్షరాలు పొరపాటున ముందు పడితే, లౌడ్‌స్పీకర్‌లో సవరణ చదివారు. డబ్బు విషయానికొస్తే, డాక్టర్ గ్రేస్ అమెచ్యూర్‌గా ఉంటూనే 1891-92 ఆస్ట్రేలియా యాత్రకు 3000 పౌన్లు పుచ్చుకున్నాడు. దొర తీసుకుంటే ఖర్చులు, పనివాడు తీసుకుంటే కూలి. కాబట్టి ఈ గీత గీసింది డబ్బు కాదు, పుట్టుక.

నాయకత్వం దొరదే అన్న సూత్రాన్ని వలస పాలన మన దేశానికీ తెచ్చింది. 1932లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు నాయకుడు పోరుబందర్ మహారాజు. తన ఆట సంగతి తనకు తెలిసిన ఆయన టెస్టు మ్యాచ్ నుంచి తప్పుకున్నాడు. అందువల్ల నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన సి. కె. నాయుడు భారతదేశపు మొదటి టెస్టు కెప్టెన్ అయ్యాడు. 1936 యాత్రకు నాయకుడు విజయనగరం మహారాజకుమార్, 'విజ్జీ'. నాయుడు ఆయన కింద ఆడాడు. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మధ్యలోనే ఇంటికి పంపారు. విజ్జీ మూడు టెస్టుల్లో చేసిన పరుగులు మొత్తం 33. ఆ యాత్రలోనే ఆయనకు సర్ బిరుదు దక్కింది. ఇంగ్లండు తన జట్టుకు కూలి ఆటగాణ్ణి, లెన్ హటన్‌ను, నాయకుడుగా నియమించింది 1952లో. అప్పుడు ఎదురుగా ఆడింది భారత జట్టే.

వీటన్నిటికంటే మనకు పనికొచ్చే పాఠం రగ్బీలో ఉంది. ఉత్తర ఇంగ్లండులో రగ్బీ ఆడినవాళ్ళలో గనికార్మికులు, మిల్లు కార్మికులు ఎక్కువ. శనివారం ఆటకు వెళ్తే సగం రోజు కూలి పోతుంది. పోయిన కూలిని సంఘం భర్తీ చెయ్యాలని వాళ్ళు అడిగారు. జీతం అడగలేదు, లాభం అడగలేదు. ఆడినందువల్ల నష్టపోకుండా చూడమన్నారు. పెద్దలు ఒప్పుకోలేదు. ఆడే తీరిక లేనివాడు ఆడనే కూడదన్నది వాళ్ళ మనసులో మాట. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డులో ఉత్తరాది క్లబ్బులు విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నాయి. పోయిన పనిరోజుకు 6 షిల్లింగులు మించకుండా ఇవ్వవచ్చని తీర్మానించాయి. పాత సంఘపు ఆట డబ్బుకు తలుపు తెరవడానికి సరిగ్గా 100 ఏళ్ళు, 1995 దాకా, పట్టింది.

ఒలింపిక్స్ కథ తెలిసిందే. అమెరికన్ ఆదివాసి జిమ్ థోర్ప్ 1912లో రెండు బంగారు పతకాలు గెలిచాడు. అంతకుముందు కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడని 1913లో వాటిని లాక్కున్నారు. అతన్ని ఏకైక విజేతగా తిరిగి ఒప్పుకున్నది 2022లో. అప్పటికి అతను చనిపోయి 69 ఏళ్ళు. 1974లోనే ఒలింపిక్ నియమావళిలోంచి 'అమెచ్యూర్' అన్న మాటను తీసేశారు. నిబంధన పోయినా దాని శిక్ష 48 ఏళ్ళు సాగింది.

5. రెండు ముఖాలు ఎందుకు?

ఇక్కడొక ప్రశ్న వస్తుంది. ఆటలో అమెచ్యూర్ అంటే గొప్పవాడైన ఆ కాలంలోనే, విజ్ఞానంలోనూ కళలోనూ అమెచ్యూర్ అంటే పని రానివాడు అయ్యాడు. ఎందుకు? 1781లో యురేనస్ గ్రహాన్ని కనుక్కున్న విలియం హెర్షెల్ సంగీతం చెప్పి బతికినవాడు. డార్విన్ ఏ రోజూ శాస్త్రజ్ఞుడుగా జీతం తీసుకోలేదు. మన విశాఖపట్నంలో గోడే జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో నక్షత్రశాల కట్టించాడు. వీళ్ళ గురించి ఎవరూ తేలిగ్గా మాట్లాడలేదు. కాని 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో పరీక్షలు, పట్టాలు, రిజిస్టర్లు వచ్చాయి. బ్రిటన్‌లో 1858 చట్టంతో వైద్యుల పట్టిక మొదలైంది. చదువు అమ్ముకుని బతికే మధ్యతరగతి తయారైంది. దాని ఆస్తి భూమి కాదు, పట్టా. పట్టా లేనివాణ్ణి బయట నిలబెట్టడానికి ఆ తరగతికి ఒక మాట కావాలి. భూస్వామి కూలివాణ్ణి బయట నిలబెట్టడానికి 'అమెచ్యూర్'ను బిరుదుగా వాడుకున్నాడు. మధ్యతరగతి పట్టా లేనివాణ్ణి బయట నిలబెట్టడానికి అదే మాటను తిట్టుగా వాడుకుంది. ముఖాలు రెండైనా, గేటు దగ్గర కాపలా పని ఒకటే.

మార్క్స్ ఈ సమస్యను రెండు వైపుల నుంచీ పట్టుకున్నాడు. రచయిత బతికి రాయడానికి సంపాదించుకోవలసిందే గాని, సంపాదన కోసం బతికి రాయకూడదని 1842లోనే పత్రికా స్వేచ్ఛ మీద రాసిన వ్యాసంలో వాదించాడు. తరవాత మిల్టన్ ఉదాహరణ తీసుకుని, పట్టుపురుగు పట్టు తీసినట్టు తన స్వభావం కొద్దీ మహాకావ్యం రాసి 5 పౌన్లకు అమ్ముకున్న కవినీ, ప్రచురణకర్త ఆజ్ఞ మేరకు పుస్తకాలు తయారుచేసే కూలి రచయితనీ వేరు చేసి చూపాడు. 1845-46లో ఎంగెల్స్‌తో కలిసి రాసిన 'జర్మన్ ఐడియాలజీ'లో ఇంకా ముందుకెళ్ళి, శ్రమ విభజన పోయిన సమాజంలో చిత్రకారులనే ప్రత్యేక జాతి ఉండదనీ, ఇతర పనులతోపాటు బొమ్మలు కూడా వేసే మనుషులు ఉంటారనీ అన్నాడు. అంటే ఆయన కోరిన రేపటి మనిషి ఒక రకంగా అమెచ్యూరే. కాని ఎవరి తీరికనూ దోచుకోని అమెచ్యూర్.

6. వృత్తి, ప్రవృత్తి, ఉత్సాహం

ఇక మన ఇంటి సంగతి. మన పుస్తకాల వెనక అట్ట మీద రచయిత పరిచయం ఒకే మూసలో ఉంటుంది. వృత్తి ఉపాధ్యాయుడు, ప్రవృత్తి రచన. బ్యాంకు ఉద్యోగమైనా, రైల్వే ఉద్యోగమైనా మూస అదే. కడుపు నింపేది వృత్తి, మనసు నింపేది ప్రవృత్తి. వినడానికి అందంగా ఉన్న ఈ విభజన వెనక మన చరిత్ర ఉంది. ఇక్కడ వృత్తి అంటే ప్రధానంగా కులవృత్తి. తోలుబొమ్మలాట, పగటివేషం, జంగం కథ కూడా అట్లాంటి వృత్తులే. కళ ఆ కులాల పొట్టకూడు. వాళ్ళ కళను ఎవరూ ప్రవృత్తి అనలేదు.

అమెచ్యూర్‌కు మనం పెట్టుకున్న మాట 'ఔత్సాహికుడు'. ఈ మాటను అలంకారశాస్త్రం దగ్గర పెట్టి చూస్తే ఒక విశేషం తెలుస్తుంది. ఫ్రెంచి మాట ప్రేమ నుంచి పుట్టింది. అంటే మన లెక్కలో శృంగారానికి స్థాయి అయిన రతి నుంచి. మన మాట ఉత్సాహం నుంచి పుట్టింది. ఉత్సాహం వీరరసానికి స్థాయి. ప్రేమించి ఊరుకోవడం కాదు, పూనుకుని చెయ్యడం. మన మాటే మేలనిపిస్తుంది. కాని భరతుడు వీరాన్ని ఉత్తమ ప్రకృతి గల పాత్రలకు కట్టిపెట్టాడన్న సంగతి మరవకూడదు. ఉత్సాహపడే యోగ్యత కూడా పైవాళ్ళదే అయింది.

తెలుగు నాటకరంగ చరిత్ర దీన్నే రుజువు చేస్తుంది. 19వ శతాబ్దం చివర బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు సమాజాలు పెట్టారు. ఇద్దరూ న్యాయవాదులు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ 'కన్యాశుల్కం' ప్రదర్శించింది. ఇవన్నీ చదువుకున్నవాళ్ళ ఔత్సాహిక సభలు. ఇదే కాలంలో, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో సురభి కుటుంబాల నాటకం మొదలైంది. వాళ్ళ పూర్వీకులు తోలుబొమ్మలాడించినవాళ్ళు. సురభిలో స్త్రీ పాత్రలు స్త్రీలే వేశారు, ఎందుకంటే ఇల్లంతా నాటకమే. ఔత్సాహిక సభల్లో మాత్రం చాలాకాలం స్త్రీ పాత్రలు మగవాళ్ళే వేశారు. తెనాలి రామవిలాస సభ స్థానం నరసింహారావు నటన ఎంత గొప్పదైనా, ఆ ఏర్పాటు వెనక ఉన్న కారణం గొప్పది కాదు. రంగస్థలం ఎక్కే ఆడది కులస్త్రీ కాదన్న భావం అది. స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలని పట్టుబట్టిన బళ్ళారి రాఘవ ఔత్సాహికుల్లోంచే వచ్చిన న్యాయవాది అని కూడా చెప్పాలి.

1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు తరవాత ఊరూరా పరిషత్తులు వచ్చాయి. నేను ఇరవై ఏళ్ళుగా ఈ పోటీలు చూస్తున్నాను. ఔత్సాహిక సమాజంలో నటులంతా మగవాళ్ళు. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, బ్యాంకువాళ్ళు. సెలవు పెట్టుకుని, చేతిడబ్బు పెట్టుకుని వస్తారు. నటి ఒక్కతే డబ్బు తీసుకుని వస్తుంది. ఒకే పరిషత్తులో మూడు సమాజాలకు ముగ్గురు భార్యలుగా నటించి, మూడు సంభాషణలూ తడబడకుండా చెప్పి, తెల్లవారుజామున బస్సెక్కి వెళ్ళిపోతుంది. ఆమె సంపాదన మీద ఒక కుటుంబం బతుకుతూ ఉంటుంది. సమీక్షలు రాసేటప్పుడు సమాజం వాళ్ళ 'నిస్వార్థ కళాసేవ' పొగుడుతాం. ఆమె గురించి మాట్లాడుకునేటప్పుడు 'పేమెంటు ఆర్టిస్టు' అంటాం. హెన్లీ నిబంధనలోని చివరి భాగాన్ని తెలుగులో మనం ఎక్కడా రాసుకోలేదు. రాయకుండానే అమలు చేస్తున్నాం.

ఈ గీతను చెరపడానికి మన దగ్గర జరిగిన పెద్ద ప్రయత్నం 1943లో మొదలైన ప్రజానాట్యమండలి. అది బుర్రకథను, వీధిభాగవతాన్ని ఆ వృత్తుల దగ్గర నేర్చుకుంది. రైతుకూలీని, విద్యార్థిని, ఉద్యమ కుటుంబాల స్త్రీలను ఒకే వేదిక ఎక్కించింది. 1947లో సుంకర, వాసిరెడ్డి రాసిన 'మాభూమి'ని ఆడినవాళ్ళలో ఎవడు వృత్తి కళాకారుడు, ఎవడు ఔత్సాహికుడు అన్న ప్రశ్నకు అర్థమే లేకపోయింది. ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించినప్పుడు కూడా ఆ తేడా చూడలేదు.

7. పోయిన కూలి

నేను బడిలో తెలుగు చెప్పి బతుకుతాను. ఈ వ్యాసానికి నాకు డబ్బు రాదు, అడగను కూడా. మన పత్రికలు రచయితల చందాలతో నడిచేవే. కాని నేను డబ్బు అడగకుండా ఉండగలుగుతున్నది ఒకటో తారీఖు జీతం వల్ల, సాయంత్రం చేతికి చిక్కే రెండు గంటల వల్ల అని నాకు తెలుసు. నా ప్రవృత్తిని నా వృత్తి పోషిస్తున్నది. ఆ వృత్తి లేనివాడి సంగతేమిటి? బీడీలు చుట్టే ఆమెకు, తాపీపని చేసేవాడికి, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇంటి చాకిరీ చేసే గృహిణికి ప్రేమ తక్కువై రాయడం లేదా? నిస్వార్థం అన్న గుణాన్ని సాహిత్యానికి కొలమానం చేస్తే, జీతగాళ్ళు మాత్రమే నిస్వార్థులుగా మిగులుతారు.

అలాగని మార్కెట్టు చెప్పే ప్రొఫెషనలిజం మనకు విరుగుడు కాదు. ఆటల్లో అమెచ్యూర్ దొర పోయిన చోట టెలివిజన్ కంపెనీ వచ్చి కూచుంది. గేటు తీసేశారు, టిక్కెట్టు పెట్టారు. మనం కోరవలసింది దొర ప్రేమా కాదు, కంపెనీ జీతమూ కాదు.

1895లో ఉత్తర ఇంగ్లండు గనికార్మికుడు అడిగిన కోరిక మనకు దారి చూపుతుంది. మన సంఘాలు కథా కార్యశాలలు పెడతాయి. ఉపాధ్యాయులం సెలవు వాడుకుని వస్తాం, మన జీతం కోతపడదు. రెండు రోజుల కార్యశాలకు వచ్చిన భవన నిర్మాణ కూలీకి రెండు రోజుల కూలి పోతుంది. వచ్చే కార్యశాల ఖర్చుల పట్టికలో శాలువాలకు, దండలకు రాసే మొత్తం కొట్టేసి, ఆ చోట పోయిన కూలి అని ఒక పద్దు రాయాలని నా ప్రతిపాదన. అది పారితోషికం కాదు, దానం కాదు, బాకీ. నాటక సమీక్షల్లో నటి పేరు, ఆమె పనితనం మిగతావాళ్ళతో సమానంగా రాయడం విమర్శకులుగా మన చేతిలో ఉన్న ఇంకో పని. ఇక 'అమెచ్యూర్‌గా ఉంది' అన్న వాక్యం మన సమీక్షల్లోకి వచ్చినప్పుడల్లా, కథలో ఏది కుదరలేదో విడమరచి చెప్పమని సంపాదకులు ఆ సమీక్షను వెనక్కి పంపాలి. పాత్ర నిలబడలేదా, సంభాషణ పుస్తకాల భాషలో ఉందా, ముగింపు తొందరపడిందా? ఆ మాటలు చెబితే రాసినవాడు రేపు సరిదిద్దుకుంటాడు. అమెచ్యూర్ అన్న ముద్రతో అతను చెయ్యగలిగింది ఏమీ లేదు.